అద్దె సర్వర్ నుంచి రూటు ప్రకటన: హక్కులు, నియమాలు, చిక్కులు
తరచూ అడిగే ప్రశ్నలు

సొంత ఐపీ చిరునామాలను, అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్ నుంచి ఇంటర్నెట్‌కు ప్రకటించడం ఇప్పుడు పెద్ద కంపెనీలకే పరిమితమైన పని కాదు. చిన్న పట్టణాల్లో బ్రాడ్‌బ్యాండ్ నడిపేవారు, హోస్టింగ్ వ్యాపారం కొత్తగా మొదలుపెట్టినవారు, నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా చేస్తున్నారు. చిక్కు వచ్చినప్పుడు మాత్రం చాలామంది కాన్ఫిగరేషన్ ఫైలునే పదేపదే తిరగేస్తుంటారు. అసలు కారణం చాలాసార్లు అక్కడ ఉండదు. రిజిస్ట్రీ రికార్డులోనో, హోస్టింగ్ కంపెనీ ఫిల్టర్‌లోనో, ఎవరో ఇవ్వాల్సిన అనుమతిలోనో ఉంటుంది. అందుకే ఇక్కడ హక్కు సంగతి ముందు, మరమ్మతు సంగతి తర్వాత.

హక్కు ఎవరిది?

1. రూటు ప్రకటించడం అంటే ఏం చేస్తున్నట్టు?

'ఈ చిరునామాలకు వెళ్లాల్సిన ట్రాఫిక్‌ను నా దగ్గరకు పంపండి' అని మిగతా నెట్‌వర్కులకు చెబుతున్నట్టు. ఈ మాట చెప్పుకోవడానికి రౌటర్లు వాడే భాష బీజీపీ. మీ సర్వర్‌లో బర్డ్, ఎఫ్‌ఆర్‌ఆర్ వంటి సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. అది టీసీపీ 179వ పోర్టు మీద హోస్టింగ్ కంపెనీ రౌటర్‌తో సెషన్ పెట్టుకుంటుంది. ఆ రౌటర్ మీ ప్రకటనను తన అప్‌స్ట్రీమ్‌లకు, అంటే పైస్థాయి నెట్‌వర్కులకు చేరవేస్తుంది, వాళ్లు ఇంకా పైవాళ్లకు చేరవేస్తారు. చెప్పినవాడి మాట నిజమో కాదో తేల్చే ఏర్పాటు బీజీపీలో పుట్టుకతో లేదు. ఆ లోటు పూడ్చడానికే తర్వాత రిజిస్ట్రీ రికార్డులు, ఫిల్టర్లు, ధ్రువీకరణ పత్రాలు వచ్చాయి.

2. ఎవరైనా ప్రకటించవచ్చా? నా దగ్గర ఏమేం ఉండాలి?

మూడు ఉండాలి. మొదటిది, ప్రకటించే హక్కున్న చిరునామాల బ్లాకు. ఐపీవీ4లో కనీసం /24, అంటే 256 చిరునామాలు. ఐపీవీ6లో కనీసం /48. అంతకన్నా చిన్న ముక్కలను ఇంటర్నెట్‌లో దాదాపు ఎవరూ తీసుకోరు. రెండోది, ఏఎస్ నంబరు, అంటే బీజీపీలో ఒక నెట్‌వర్క్‌ను గుర్తించే సంఖ్య. సొంతది లేకపోతే కొన్ని కంపెనీలు ప్రైవేటు నంబరు ఇచ్చి సెషన్ పెట్టనిస్తాయి. మూడోది, హోస్టింగ్ కంపెనీ ఒప్పుదల. వర్చువల్ సర్వర్ అమ్మే ప్రతి కంపెనీ బీజీపీ సెషన్ ఇవ్వదు. ప్లాన్ కొనే ముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

3. సర్వర్‌తో పాటు వచ్చిన ఐపీ చిరునామాను నేను ప్రకటించవచ్చా?

కుదరదు. అది కంపెనీ చిరునామా, మీకు వాడుకోవడానికి మాత్రమే ఇచ్చారు. దానికి రూటు ప్రకటించేది కంపెనీయే. సర్వర్ వదిలేస్తే అది వాళ్లకే తిరిగి వెళ్తుంది. మీ పేరిట రిజిస్ట్రీ కేటాయించిన బ్లాకు మాత్రం హోస్టింగ్ కంపెనీ మారినా మీతోనే వస్తుంది. ఇంత శ్రమపడి సొంత చిరునామాలు తెచ్చుకోవడంలో అసలు లాభం ఇదే.

4. మన దేశంలో చిరునామాలు, ఏఎస్ నంబర్లు ఎవరిస్తారు?

ప్రపంచంలో 5 ప్రాంతీయ రిజిస్ట్రీలు ఉన్నాయి: ఏపీనిక్, రైప్ ఎన్‌సీసీ, ఆరిన్, ల్యాక్‌నిక్, ఆఫ్రినిక్. మనది ఏపీనిక్ పరిధి. దాని కింద భారతదేశానికి జాతీయ రిజిస్ట్రీగా ఐరిన్ పనిచేస్తోంది. దాన్ని నడిపేది 2003లో ఏర్పడిన నిక్సీ. కాబట్టి ఇక్కడి సంస్థలు ఐరిన్‌కు గానీ ఏపీనిక్‌కు గానీ దరఖాస్తు చేసుకోవాలి. ఐపీవీ4 నిల్వ అడుగంటింది. ఏపీనిక్ తన ఆఖరి /8 బ్లాకుకు 2011 ఏప్రిల్ 15నే చేరింది. ఐపీవీ6కు ఆ కొరత లేదు. నేర్చుకోవడం కోసం మొదలుపెట్టేవారు ఐపీవీ6తోనే మొదలుపెట్టడం మేలు.

5. చిరునామాలు లీజుకు తీసుకున్నాను. హక్కు నాకు ఉన్నట్టేనా?

వాడుకునే హక్కు ఉంటుంది. దాన్ని ప్రపంచానికి రుజువు చేయాల్సింది మాత్రం అసలు హక్కుదారు. ఆయన నుంచి మూడు పత్రాలు తెచ్చుకోండి. ఒకటి, ఫలానా ప్రిఫిక్స్‌ను (చిరునామాల బ్లాకును) ఫలానా ఏఎస్ నంబరు ప్రకటించవచ్చని చెప్పే అనుమతి పత్రం. దీన్నే ఎల్‌ఓఏ అంటారు. రెండు, ఐఆర్‌ఆర్ డేటాబేస్‌లో, అంటే ఇంటర్నెట్ రూటింగ్ రిజిస్ట్రీలో రూట్ ఆబ్జెక్ట్. మూడు, చిరునామాల హక్కును డిజిటల్ సంతకాలతో ధ్రువీకరించే ఆర్‌పీకేఐ వ్యవస్థలో ఆర్‌ఓఏ పత్రం. ఎల్‌ఓఏను హోస్టింగ్ కంపెనీలో ఒక మనిషి చదువుతాడు, మిగతా రెండింటినీ యంత్రాలు చదువుతాయి. పొలం కౌలుకిచ్చినా పట్టాదారు పాస్‌బుక్కులో పేరు యజమానిదే ఉన్నట్టు, ఆర్‌ఓఏ మీద సంతకం కూడా హక్కుదారుదే అయి ఉండాలి. లీజు డబ్బు కట్టే ముందే ఆర్‌ఓఏ ఎన్ని రోజుల్లో చేసిస్తారో ఒప్పందంలో రాయించుకోండి.

6. అన్ని పత్రాలూ ఉన్నాయి. అయినా కంపెనీ నిరాకరించవచ్చా?

నిరాకరించవచ్చు. బీజీపీ సెషన్ ఒప్పందం మీద ఆధారపడిన సేవ. చట్టం తప్పనిసరి చేసిన సేవ కాదు. తమ నెట్‌వర్క్ నుంచి వెళ్లే ప్రతి ప్రకటనకూ కంపెనీ తన అప్‌స్ట్రీమ్‌లకు జవాబు చెప్పుకోవాలి. కాబట్టి పత్రాలు అడగడం, పరిశీలించడానికి ఒకటి రెండు రోజులు తీసుకోవడం వేధింపు కాదు. బీజీపీ ఇస్తామని ప్రకటించి, డబ్బు తీసుకుని, కారణం చెప్పకుండా ఆపేస్తే అది వేరే సంగతి. దానికి 17వ ప్రశ్న చూడండి.

సర్వర్ దగ్గర

7. సెషన్ పైకి రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సెషన్ స్థితి చూడండి. 'యాక్టివ్' అని కనిపిస్తే సంతోషించకండి. పని జరుగుతోందని దానర్థం కాదు, అవతలి రౌటర్‌తో కనెక్షన్ కోసం ఇంకా ప్రయత్నిస్తోందని అర్థం. కుదిరినప్పుడు కనిపించేది 'ఎస్టాబ్లిష్డ్'.

యాక్టివ్ దగ్గరే ఆగిపోతే వరుసగా నాలుగు చూడండి. ఫైర్‌వాల్ 179వ పోర్టును ఆపుతోందా? కంపెనీ ఇచ్చిన పొరుగు చిరునామా, ఏఎస్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయా? పాస్‌వర్డ్ సరిపోయిందా? మల్టీహాప్ పెట్టారా? ఎక్కువమంది చిక్కుకునేది ఈ నాలుగోదాని దగ్గరే. బయటి ఏఎస్‌తో సెషన్‌కు టీటీఎల్ విలువ మామూలుగా 1 ఉంటుంది, అంటే పొరుగు రౌటర్ పక్క గుమ్మంలోనే ఉందనుకుంటుంది. అద్దె సర్వర్ల కంపెనీలు చాలాచోట్ల రౌటర్‌ను రెండో హాప్‌లో ఉంచుతాయి. మల్టీహాప్ 2 అని రాస్తే సెషన్ లేచి కూర్చుంటుంది.

పాస్‌వర్డ్ తప్పితే రౌటర్ ఏ సందేశమూ ఇవ్వదు, ప్యాకెట్లను మౌనంగా పారేస్తుంది. సర్వర్ కెర్నల్ లాగ్‌లో ఎండీ5 సరిపోలేదన్న మాట ఉందేమో చూడండి.

8. సెషన్ ఎస్టాబ్లిష్డ్ అయింది. కానీ నా రూటు బయటికి వెళ్లడం లేదు. ఎందుకు?

ఇక్కడ రెండు కారణాలే పదే పదే కనిపిస్తాయి.

ఒకటి, పాలసీ లేకపోవడం. బయటి ఏఎస్‌తో సెషన్‌కు స్పష్టమైన పాలసీ రాయకపోతే ఏ రూటూ తీసుకోకూడదు, పంపకూడదు అని 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 చెబుతోంది. ఎఫ్‌ఆర్‌ఆర్ కొత్త వెర్షన్లు దీన్ని పాటిస్తాయి. సమ్మరీలో రూట్ల సంఖ్య ఉండాల్సిన చోట 'పాలసీ' అని కనిపిస్తే అర్థం ఇదే. మీ ప్రిఫిక్స్‌ను మాత్రమే అనుమతించే రూట్ మ్యాప్ రాసి తగిలించండి. ఈ తనిఖీనే ఆపేసే కమాండ్ ఒకటి ఉంది, దాని జోలికి వెళ్లకండి. ఆ నియమం మిమ్మల్నీ పదిమందినీ కాపాడేది.

రెండు, సర్వర్ రూటింగ్ పట్టికలోనే ఆ ప్రిఫిక్స్ లేకపోవడం. లేనిదాన్ని బీజీపీ ప్రకటించదు. మీ /24కు ఒక స్టాటిక్ బ్లాక్‌హోల్ రూటు (ప్యాకెట్లను పారేసే రూటు) పెట్టండి. అందులోంచి మీరు వాడే చిరునామాలకు విడిగా రూట్లు ఉంటాయి కాబట్టి వాటికి ఇబ్బంది రాదు. బర్డ్‌లోనూ స్టాటిక్ విభాగంలో రాసి, ఎక్స్‌పోర్ట్ ఫిల్టర్‌లో ఆ ఒక్క ప్రిఫిక్స్‌కే అనుమతి ఇవ్వాలి. పట్టికలో /24 పెట్టి, ప్రకటనలో /23 రాస్తే కుదరదు. రెండూ అచ్చంగా ఒకటే కావాలి.

9. కంపెనీ నుంచి ప్రపంచ రూట్లన్నీ తీసుకోవాలా?

అవసరం లేదు. ఐపీవీ4 పట్టిక ఒక్కటే సుమారు పది లక్షల రూట్లు. చిన్న సర్వర్ మెమరీకి అది భారం. ఒకే కంపెనీతో సెషన్ ఉన్నప్పుడు డిఫాల్ట్ రూటు చాలు, వచ్చే రూట్లన్నిటినీ ఇంపోర్ట్ దగ్గరే ఆపేయండి.

రెండు కంపెనీలతో సెషన్ ఉంటే మరీ జాగ్రత్త కావాలి. ఒకరి దగ్గర తీసుకున్న రూట్లను ఎక్స్‌పోర్ట్ ఫిల్టర్ లేకుండా రెండోవారికి పంపితే అది రూట్ లీక్. కంపెనీలు దీనికోసమే ప్రిఫిక్స్‌ల సంఖ్యకు పరిమితి పెడతాయి. దాటితే సెషన్ దానంతటదే పడిపోతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న సెషన్ ఉన్నట్టుండి మూతపడితే ఈ పరిమితి సంగతి కూడా చూడండి.

బయటి ప్రపంచంలో

10. నా వైపు నుంచి రూటు వెళ్లింది. ప్రపంచానికి మాత్రం కనిపించడం లేదు. ఎలా తెలుసుకోవాలి?

ముందు బయటి కళ్లతో చూడండి. రైప్‌స్టాట్, ఆరెగాన్ విశ్వవిద్యాలయం నడిపే రూట్‌వ్యూస్, హరికేన్ ఎలక్ట్రిక్ వారి బీజీపీ టూల్‌కిట్ ఉచితంగా చూపిస్తాయి. ఎక్కడా కనిపించకపోతే రూటు హోస్టింగ్ కంపెనీ గుమ్మం దాటలేదన్నమాట. వాళ్ల ఫిల్టర్‌లో మీ ప్రిఫిక్స్ చేరలేదు. కంపెనీ లుకింగ్ గ్లాస్ (వాళ్ల రౌటర్లలోని రూట్లను బయటివారికి చూపే పేజీ) ఉంటే అందులో చూస్తే ఖాయమవుతుంది.

కంపెనీ దాటి, వాళ్ల అప్‌స్ట్రీమ్‌ల దగ్గర ఆగితే ఐఆర్‌ఆర్ రికార్డు చూడండి. మీ ప్రిఫిక్స్‌కు, ప్రకటించే ఏఎస్ నంబరుకు కలిపి రూట్ ఆబ్జెక్ట్ ఉండాలి. కంపెనీ ఏఎస్-సెట్‌లో, అంటే తన ద్వారా ప్రకటించే ఏఎస్ నంబర్ల జాబితాలో మీ నంబరు చేరి ఉండాలి. చాలా సంస్థలు ఈ రికార్డుల నుంచి ఫిల్టర్లను రోజుకోసారి తయారుచేసుకుంటాయి. ఈ పూట రికార్డు రాసి ఈ పూటే ఫలితం రాలేదని కంగారుపడకండి. ఒక రోజు ఆగి చూడండి.

11. ఆర్‌ఓఏ ఉంది. అయినా 'ఇన్‌వ్యాలిడ్' అని వస్తోంది. ఎందుకు?

ఆర్‌ఓఏలో మూడు మాటలుంటాయి: ఏ ప్రిఫిక్స్, ఏ ఏఎస్ నంబరు, ఎంత చిన్న ముక్కదాకా ప్రకటించవచ్చు. ప్రకటన వీటితో పోలితే వ్యాలిడ్. ఆర్‌ఓఏయే లేకపోతే నాట్ ఫౌండ్, దాన్ని ఇప్పటికీ చాలావరకు అంగీకరిస్తారు. ఆర్‌ఓఏ ఉండీ పోలకపోతే ఇన్‌వ్యాలిడ్. పెద్ద నెట్‌వర్కులు దాన్ని నిర్దాక్షిణ్యంగా పారేస్తాయి. అంటే తప్పుడు ఆర్‌ఓఏ ఉండటం కన్నా అసలు లేకపోవడమే నయం.

రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, హక్కుదారు తన /22కు ఆర్‌ఓఏ చేసి గరిష్ఠ పొడవు 22 అని రాశాడు. అందులోంచి మీకు /24 లీజుకిచ్చాడు. మీ /24 ప్రకటన ఇన్‌వ్యాలిడ్ అవుతుంది. మీ /24కు, మీ ఏఎస్ నంబరుకు విడిగా ఆర్‌ఓఏ చేయించుకోండి. రెండోది, మీరు ప్రైవేటు ఏఎస్ నంబరుతో సెషన్ పెట్టారు. కంపెనీ ఆ నంబరును తీసేసి తన నంబరుతో బయటికి పంపుతుంది. అప్పుడు ఆర్‌ఓఏలో ఉండాల్సింది కంపెనీ ఏఎస్ నంబరు.

తొందరలో గరిష్ఠ పొడవును విశాలంగా రాసేయకండి. /22కు 24 దాకా అని రాసి, /22 మాత్రమే ప్రకటిస్తుంటే, ఎవరైనా మీ ఏఎస్ నంబరును దొంగిలించి పెట్టుకుని /24తో మీ ట్రాఫిక్ లాక్కున్నా అది వ్యాలిడ్‌గానే కనిపిస్తుంది. ప్రకటించేదానికే ఆర్‌ఓఏ చేయడం మంచి పద్ధతి.

12. కొందరికి అందుతోంది, కొందరికి అందడం లేదు. ఇదేమిటి?

ఫిల్టర్లు అందరివీ ఒకేలా ఉండవు. ఇన్‌వ్యాలిడ్‌ను కొన్ని నెట్‌వర్కులు ఆపుతాయి, కొన్ని ఆపవు. అందుకే సగం ప్రపంచానికి కనిపించే రూటును చూస్తే ముందు ఆర్‌ఓఏనే అనుమానించండి. రెండో అనుమానం కమ్యూనిటీల మీద, అంటే రూటుకు తగిలించే గుర్తుల మీద. మీ ఫిల్టర్‌లో నో-ఎక్స్‌పోర్ట్ కమ్యూనిటీ పొరపాటున అంటుకుంటే రూటు కంపెనీని దాటి వెళ్లదు. మూడోది, పదేపదే సెషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం. తరచూ ఊగే రూటును కొన్ని నెట్‌వర్కులు కొంతసేపు పక్కన పెడతాయి. పరీక్షించేటప్పుడు ఒక మార్పు చేసి, ఫలితం చూశాకే ఇంకో మార్పు చేయండి.

13. రూటు అన్నిచోట్లా కనిపిస్తోంది. పింగ్ మాత్రం రావడం లేదు.

ప్రకటన ట్రాఫిక్‌ను సర్వర్ గుమ్మం దాకా తెస్తుంది. లోపలికి పిలవాల్సింది మీరు. ప్రిఫిక్స్‌లో ఒక చిరునామాను లూప్‌బ్యాక్ మీదో డమ్మీ ఇంటర్‌ఫేస్ మీదో పెట్టారా? పెట్టకపోతే వచ్చిన ప్యాకెట్ బ్లాక్‌హోల్‌లో పడిపోతుంది. వెనక ఇంకో యంత్రానికి పంపాలంటే ఐపీ ఫార్వార్డింగ్ తెరిచారా? ఒక దారిన వచ్చి ఇంకో దారిన వెళ్లే ట్రాఫిక్‌ను లినక్స్ రివర్స్ పాత్ ఫిల్టర్ ఆపుతోందా?

ఇవన్నీ సరిగా ఉంటే టీసీపీడంప్ పెట్టి చూడండి. ప్యాకెట్లు వస్తూ, జవాబులు వెళ్తూ, అవతలివారికి అందకపోతే కంపెనీ మీ మూల చిరునామాను ఆపుతోందన్నమాట. నకిలీ మూల చిరునామాలతో దాడులు జరగకుండా నెట్‌వర్కులు ఇలా వడపోయాలని 2000లో వచ్చిన బీసీపీ 38 కోరుతోంది. అది కంపెనీ బాధ్యతే, తప్పు కాదు. మీ ప్రిఫిక్స్‌కు మినహాయింపు ఇమ్మని టికెట్ రాయండి.

నియమాలు, బాధ్యత, ఫిర్యాదు

14. నా ప్రిఫిక్స్‌ను ఇంకెవరో ప్రకటిస్తున్నారు. ఏం చేయాలి?

ముందు ఆధారం భద్రపరచండి: సమయం, అవతలి ఏఎస్ నంబరు, రైప్‌స్టాట్ చరిత్ర. ఆర్‌ఓఏ లేకపోతే వెంటనే చేయండి. అవతలివారికి, వారి అప్‌స్ట్రీమ్‌లకు రిజిస్ట్రీలో ఉన్న అబ్యూస్ చిరునామాకు రాయండి. మీ హోస్టింగ్ కంపెనీకీ చెప్పండి. మీ దగ్గర /23 లేదా అంతకన్నా పెద్ద బ్లాకు ఉంటే, తాత్కాలికంగా /24 ముక్కలుగా ప్రకటించి ట్రాఫిక్‌ను వెనక్కి తెచ్చుకోవచ్చు. చిన్న ముక్కకే రౌటర్లు ప్రాధాన్యం ఇస్తాయి. ఆ ముక్కలకు ఆర్‌ఓఏ ఉండేలా చూసుకోవడం మరవకండి.

15. నా పొరపాటు వల్ల ఇతరులకు నష్టం జరుగుతుందా?

జరుగుతుంది. చరిత్రలో జరిగింది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలని ఒక /24 రూటు పెట్టింది. అప్‌స్ట్రీమ్ ఫిల్టర్ చేయకపోవడంతో అది ప్రపంచమంతా పాకి, రెండు గంటలకు పైగా యూట్యూబ్ ట్రాఫిక్ దారి తప్పింది. 2021 ఏప్రిల్ 16న మన దేశంలోనే వొడాఫోన్ ఐడియా నెట్‌వర్క్ తమది కాని 30 వేలకు పైగా ప్రిఫిక్స్‌లను ప్రకటించింది. ఇవి ఎవరిమీదో దాడి చేయాలని చేసినవి కావు, సరిగా ఆపని ప్రకటనలు.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. అనుమతి లేకుండా కంప్యూటర్ నెట్‌వర్కుకు అంతరాయం కలిగిస్తే సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కింద పరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని మోసపూరితంగా లేదా దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, రూ. 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

16. సర్వర్ కంపెనీ నా గుర్తింపు పత్రాలు ఎందుకు అడుగుతోంది?

2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం వర్చువల్ సర్వర్ ఇచ్చేవారు వినియోగదారు పేరు, ధ్రువీకరించిన చిరునామా, ఫోను, కేటాయించిన ఐపీలు, సేవ తీసుకున్న ఉద్దేశం వంటి వివరాలను సేవ ముగిశాక కూడా 5 ఏళ్లు ఉంచాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి. రౌటర్ల మీద దాడులతో సహా నిర్దేశిత సైబర్ ఘటనలను తెలుసుకున్న 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. మీరు ఒక సంస్థగా సేవలు నడుపుతుంటే ఈ 6 గంటల నియమం మీకూ వర్తిస్తుంది.

17. డబ్బు తీసుకుని సేవ ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. ఇ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు.

ఒక షరతు ఉంది. వ్యాపార ప్రయోజనం కోసం కొన్న సేవకు వినియోగదారు హక్కులు వర్తించవు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నది మాత్రం వ్యాపారం కిందికి రాదు. విద్యార్థికి, ఒంటరిగా పనిచేసుకునే ఇంజినీరుకు ఈ రక్షణ అక్కరకొస్తుంది.

18. టికెట్ ఎలా రాస్తే త్వరగా జవాబు వస్తుంది?

'బీజీపీ పనిచేయడం లేదు' అని రాస్తే రెండు రోజులు ప్రశ్నలతోనే గడిచిపోతాయి. ప్రిఫిక్స్, ఏఎస్ నంబరు, సర్వర్ చిరునామా, సెషన్ స్థితి, మీరు పంపుతున్న రూట్ల జాబితా, ఆర్‌ఓఏ స్థితి, రూట్ ఆబ్జెక్ట్ ఉన్న డేటాబేస్ పేరు, ఎక్కడిదాకా కనిపిస్తోంది, ఎక్కడ ఆగుతోంది, ఏ సమయం నుంచి: ఇవన్నీ మొదటి సందేశంలోనే పెట్టండి. లోపం ఎటువైపు ఉందో చదివినవారికి వెంటనే తెలుస్తుంది.

19. సర్వర్ వదిలేస్తున్నాను. ఇంకేమైనా చేయాలా?

చేయాలి. ప్రకటన ఆపండి. పాత కంపెనీ నంబరుతో ఉన్న ఆర్‌ఓఏను, రూట్ ఆబ్జెక్ట్‌ను తీసేయండి. ఎల్‌ఓఏ రద్దయిందని రాతపూర్వకంగా చెప్పండి. రైప్‌స్టాట్‌లో రూటు మాయమైందో లేదో చూసి నిర్ధారించుకోండి. కొత్త చోటికి మారుతుంటే కొత్త ఆర్‌ఓఏను ముందే చేసి పెట్టుకోండి, పాతదాన్ని తర్వాత తొలగించండి. ఒకే ప్రిఫిక్స్‌కు రెండు ఆర్‌ఓఏలు ఉండవచ్చు, తప్పులేదు.

పాఠకులకు ఒక మాట

చిక్కు వస్తే ఈ వరుసలో వెళ్లండి: సెషన్, పాలసీ, కంపెనీ ఫిల్టర్, ఐఆర్‌ఆర్, ఆర్‌ఓఏ, చివరగా సర్వర్‌లో చిరునామా. మధ్యలో ఏదీ దాటేయకండి. ఇంకా ఏ ప్రకటనా మొదలుపెట్టనివారు ఈ రోజే మీ రిజిస్ట్రీ పోర్టల్ తెరిచి, మీ ప్రిఫిక్స్‌కు సరైన ఆర్‌ఓఏ ఉందో లేదో చూసుకోండి. ఎక్స్‌పోర్ట్ ఫిల్టర్‌లో మీ ప్రిఫిక్స్ ఒక్కటే ఉండేలా రాయండి. ఈ రెండు పనులూ మీ హక్కును నిలబెడతాయి, పక్కవారి హక్కునూ కాపాడతాయి.